రాజ్యసభ ఎంపీ అసలు ఎవరికి ఎంపీ?

గోదారిగట్టు
మా ఊరి కమ్యూనిటీ హాలు గోడల వరకూ లేచి ఆగిపోయింది. శ్లాబుకి డబ్బుల్లేవు. ఎంపీ నిధులు అడుగుదామని ఊరివాళ్లు మా లోక్‌సభ ఎంపీ ఆఫీసుకి వెళ్తే, "ఈ ఏడాదివి అయిపోయాయి, రాజ్యసభ ఎంపీలు ఉన్నారుగా, ఎవరినైనా పట్టుకోండి" అని పంపేశారట. ఎవరిని పట్టుకోవాలండీ? లోక్‌సభకి నేను ఓటేశాను, మనిషి ముఖం తెలుసు, నచ్చకపోతే వచ్చేసారి ఓడిస్తాను. రాజ్యసభలో ఆంధ్రకి 11 మంది అంటున్నారు. వాళ్లలో మా జిల్లా ఎవరిది? నేను ఓటెయ్యలేదు, వాళ్లు మా ఊరు రాలేదు. 543 మంది ఒక సభలో ఉండగా, పక్కన ఇంకో 245 మంది ఎందుకో కూడా ఎవరైనా చెప్పండి.

పల్నాటి_పచ్చిమిర్చి
ఎందుకంటే ఎలక్షన్‌లో ఓడిపోయినవాళ్లు, అసలు నిలబడలేనివాళ్లు ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కదా.

నల్లకోటు
మిర్చి గారి ఘాటు పక్కన పెట్టి ముందు హాలు సంగతి చూద్దాం. మీ జిల్లాకంటూ రాజ్యసభ ఎంపీ ఎవరూ ఉండరు, వెతక్కండి. రాజ్యసభ సభ్యుడికి రాష్ట్రం మొత్తం నియోజకవర్గమే. నిధులు ఇద్దరికీ సమానం, ఏటా 5 కోట్లు. లోక్‌సభ సభ్యుడు ముఖ్యంగా తన నియోజకవర్గంలో పనులు సిఫార్సు చేస్తాడు. రాజ్యసభ సభ్యుడు తనను ఎన్నుకున్న రాష్ట్రంలో ఏ జిల్లాకైనా చెయ్యొచ్చు. రాష్ట్రపతి నామినేట్ చేసినవాళ్లయితే దేశంలో ఎక్కడికైనా. ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, డబ్బు ఎంపీ చేతికి రాదు. సిఫార్సు ఆయనది, మంజూరు జిల్లా అధికారులది. స్థలం పంచాయతీదేనని కాగితం, ఇంజినీరు ఎస్టిమేటు జతచేసి 11 మందికీ రాయండి. ఒకరికే రాసి కూర్చోవద్దు.

కోనసీమ_కుర్రోడు
నామినేటెడ్ వాళ్లు ఎక్కడైనా అన్నారు కదా, దానికి మన దగ్గరే ఉదాహరణ ఉంది. సచిన్ టెండూల్కర్ రాజ్యసభ సభ్యుడిగా ఉన్నప్పుడు అప్పటి నెల్లూరు జిల్లాలో పుట్టంరాజు కండ్రిగను దత్తత తీసుకున్నాడు. ముంబై మనిషి, మన ఊరు. గోదారిగట్టు గారూ, మీ ఊళ్లో మంచి లెగ్ స్పిన్నర్ ఉంటే ప్రయత్నించండి.

గోదారిగట్టు
ఉన్నాడు కానీ అతను కూడా హైదరాబాద్ వెళ్లిపోయాడు.
నల్లకోటు గారూ, 11 మందికీ రాస్తాం. కానీ నా రెండో ప్రశ్న అలాగే ఉంది. ఈ సభ ఎందుకు?

సివిక్స్_మాస్టారు
రిటైరైనా పాఠం చెప్పే జబ్బు పోలేదు, కాస్త పొడుగవుతుంది.
మన పార్లమెంటు అంటే రెండు సభలు మాత్రమే కాదు. రాష్ట్రపతి, లోక్‌సభ, రాజ్యసభ, ఈ మూడూ కలిస్తేనే పార్లమెంటు. లోక్‌సభకి గడువు ఐదేళ్లు, మధ్యలో రద్దు కూడా చెయ్యొచ్చు. రాజ్యసభకి రద్దు లేదు. 1952లో ఏర్పడ్డప్పటి నుంచి నేటి వరకూ ఒకటే సభ నడుస్తోంది. ఒక్కొక్కరికి ఆరేళ్లు, రెండేళ్లకోసారి మూడో వంతు మంది దిగిపోతారు, ఆ ఖాళీల్లోకి కొత్తవాళ్లు వస్తారు. ఆంధ్ర 11 సీట్లలో 2020లో నాలుగు, 2022లో నాలుగు, 2024లో మూడు భర్తీ అయ్యాయి.
దీనివల్ల ఒక ఎన్నికలో గాలి ఎంత గట్టిగా వీచినా రెండు సభలూ ఒకేసారి ఆ గాలికి ఒరిగిపోవు. రాజ్యసభలో పాత తీర్పు కొంతకాలం మిగిలే ఉంటుంది. లోక్‌సభ రద్దయి ఉన్న సమయంలో రాష్ట్రపతి పాలన పొడిగించాల్సి వచ్చినప్పుడు, 1977లోనూ 1991లోనూ, రాజ్యసభ ఒక్కటే సమావేశమై ఆమోదించింది. అప్పుడు ఢిల్లీలో ఉన్న సభ అదొక్కటే.

పల్నాటి_పచ్చిమిర్చి
మాస్టారూ, పాత తీర్పు మిగిలి ఉండటం గొప్ప ఎలా అవుతుంది? జనం ప్రభుత్వాన్ని మార్చేశారు. మార్చేసిన పార్టీ మనుషులు ఇంకో సభలో కూర్చుని కొత్త బిల్లులు ఆపుతారు. దాన్ని అడ్డుపుల్ల అంటాం మా ఊళ్లో.

సివిక్స్_మాస్టారు
ఆపగలిగినవీ ఉన్నాయి, ఆపలేనివీ ఉన్నాయి. ప్రభుత్వాన్ని పడగొట్టడం రాజ్యసభ వల్ల కాదు. మంత్రివర్గం జవాబుదారీ లోక్‌సభకే. హోదా విషయంలో టీడీపీ 2018 జూలైలో అవిశ్వాస తీర్మానం పెట్టింది లోక్‌సభలోనే, 126 - 325తో వీగిపోయింది. రాజ్యసభలో అలాంటి తీర్మానం పెట్టే వీలే లేదు. డబ్బు మీద కూడా పెత్తనం లోక్‌సభదే. ద్రవ్య బిల్లు, అంటే పన్నులు, ప్రభుత్వ ఖర్చుల బిల్లు, రాజ్యసభకి వస్తే 14 రోజుల్లో తిరిగి పంపాలి. సూచనలు చెయ్యొచ్చు, లోక్‌సభ వాటిని తీసుకోవచ్చు, చెత్తబుట్టలో వెయ్యొచ్చు.

నల్లకోటు
ఆ చెత్తబుట్ట దగ్గరే అసలు గొడవ. ఏది ద్రవ్య బిల్లో తేల్చేది లోక్‌సభ స్పీకర్. 2016లో ఆధార్ బిల్లును ద్రవ్య బిల్లుగా తెచ్చారు. రాజ్యసభ సవరణలు చేసి పంపింది, అదే రోజు లోక్‌సభ వాటిని తోసేసింది. 2018లో సుప్రీంకోర్టు 4 - 1తో చట్టాన్ని నిలబెట్టింది. విభేదించిన జస్టిస్ చంద్రచూడ్ అది ద్రవ్య బిల్లే కాదన్నారు. స్పీకర్ సంతకంతో రాజ్యసభను పక్కకి నెట్టెయ్యొచ్చని తేలాక, సంఖ్యాబలం లేని ప్రభుత్వానికి అంతకంటే ఏం కావాలి? ఏ పార్టీ ఉన్నా ఈ దారి ఆశ పెడుతుంది.

గ్రూప్స్_గురి
ప్రిలిమ్స్ కోసం అడుగుతున్నా. రెండు సభలకీ పడకపోతే జాయింట్ సిట్టింగ్ కదా? అది ఎన్నిసార్లు జరిగింది? ఒక్కో కోచింగ్ మెటీరియల్‌లో ఒక్కోలా ఉంది.

సివిక్స్_మాస్టారు
మూడంటే మూడు. 1961లో వరకట్న నిషేధ బిల్లు, 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు బిల్లు, 2002లో పోటా, అంటే ఉగ్రవాద నిరోధక బిల్లు. లోక్‌సభ సంఖ్య రెండింతల కంటే ఎక్కువ కాబట్టి మామూలుగా ఉమ్మడి ఓటింగ్‌లో దాని మాటే చెల్లుతుంది. పోటాకి అనుకూలంగా 425, వ్యతిరేకంగా 296 పడ్డాయి. ద్రవ్య బిల్లులకీ, రాజ్యాంగ సవరణలకీ ఉమ్మడి సమావేశం ఉండదు. ఇది రాసిపెట్టుకో బాబూ, తప్పకుండా అడుగుతారు.

కోనసీమ_కుర్రోడు
ఉమ్మడి సమావేశానికి స్పీకర్ అధ్యక్షత వహించాలి. 2002లో ఆ కుర్చీలో ఉండాల్సింది మా అమలాపురం ఎంపీ బాలయోగి గారు. పోటా సమావేశం మార్చి 26న. ఆయన మార్చి 3నే కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. డిప్యూటీ స్పీకర్ పి.ఎం. సయీద్ నడిపించారు. మా తాలూకాలో ఇప్పటికీ బాలయోగి గారి పేరు ఎత్తితే పార్టీతో పనిలేకుండా మాట్లాడతారు.

ఓరుగల్లు_వాణి
డిప్యూటీ స్పీకర్ ఉన్నాడు కాబట్టి నడిచింది. 17వ లోక్‌సభ ఐదేళ్లూ ఆ పదవి ఖాళీగానే గడిచిపోయింది, ఎవరికీ పట్టలేదు.

డల్లాస్_బాబాయ్
ఇక్కడ సెనేట్ చూస్తున్న అలవాటుతో అడుగుతున్నా. కాలిఫోర్నియాకీ ఇద్దరే, వ్యోమింగ్‌కీ ఇద్దరే సెనేటర్లు. అన్యాయమనుకోండి, కానీ రాష్ట్రాల సభ అంటే అర్థమవుతుంది. మన దగ్గర యూపీకి 31, మహారాష్ట్రకి 19, సిక్కింకి 1, గోవాకి 1. లోక్‌సభలో ఒకసారి జనాభా లెక్క, రాజ్యసభలో ఇంకోసారి అదే జనాభా లెక్క. మరి రెండో సభ వల్ల చిన్న రాష్ట్రానికి ఒరిగిందేమిటి?

నల్లకోటు
బాబాయ్, మీ సెనేటర్లను కూడా 1913 వరకూ రాష్ట్ర శాసనసభలే ఎన్నుకునేవి. బేరాలు ఎక్కువై, ఖాళీలు నిండక, చివరికి జనానికే ఓటు ఇచ్చారు. మనం ఇంకా ఎమ్మెల్యేల ఓటు దగ్గరే ఉన్నాం.

డల్లాస్_బాబాయ్
అంటే బేరాలు లేవనా మీ ఉద్దేశం?

నల్లకోటు
నేను అలా ఎక్కడన్నాను?

పల్నాటి_పచ్చిమిర్చి
అదిగో, ఇప్పుడు దారికొచ్చారు. రాష్ట్రాల సభ అంటున్నారు, ఆంధ్ర కోటాలో వెళ్లినవాళ్లను చూడండి. సురేశ్ ప్రభు మనవాడా? పరిమళ్ నత్వానీ అంతకుముందు జార్ఖండ్ నుంచి ఉన్నాడు, 2020లో మన కోటాలోకి వచ్చాడు. కృష్ణా డెల్టాలో కాలవ ఎండితే వాళ్లకేం తెలుస్తుంది?

నల్లకోటు
దీని వెనక చట్టం ఉంది. 2003కి ముందు, ఏ రాష్ట్రం నుంచి పోటీ చేస్తే ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలి. అప్పుడు కూడా అద్దె ఇంటి అడ్రసు చూపించి పని కానిచ్చేవారనుకోండి. 2003లో ఆ నిబంధన తీసేశారు. దేశంలో ఎక్కడ ఓటున్నా చాలు. దాంతోపాటే రహస్య ఓటు తీసేసి, ఎమ్మెల్యే తన ఓటు పార్టీ ఏజెంటుకి చూపించేలా మార్చారు. కుల్‌దీప్ నయ్యర్ కోర్టుకి వెళ్తే 2006లో సుప్రీంకోర్టు రెండింటినీ సమర్థించింది.
నా అభిప్రాయం అడిగితే, రాజ్యసభ బలహీనపడింది ఆధార్‌తో కాదు, 2003తోనే. అప్పటి నుంచి సభ్యుడు బాకీ పడేది రాష్ట్రానికి కాదు, టికెట్ ఇచ్చిన పార్టీ అధ్యక్షుడికి.

ఓరుగల్లు_వాణి
అందరూ బయటివాళ్లు మన కోటా తిన్నారనే మాట్లాడుతున్నారు. వెంకయ్య నాయుడు గారు నెల్లూరు మనిషి, కర్ణాటక నుంచి వరుసగా వెళ్లారు, తర్వాత రాజస్థాన్ నుంచి. అప్పుడు ఎవరూ "కన్నడిగుల సీటు" అనలేదు, మనవాడు ఢిల్లీలో ఉన్నాడని మురిసిపోయాం. మన్మోహన్ సింగ్ పదేళ్లు ప్రధాని, సభ్యత్వం అస్సాం నుంచి.

పల్నాటి_పచ్చిమిర్చి
వాణి గారూ, మన్మోహన్ గారు అస్సామీలో ఒక్క ముక్క మాట్లాడారా?

ఓరుగల్లు_వాణి
మాట్లాడే పని ఎవరు పెట్టుకున్నారు, ఆయన తెలుగులో కూడా మాట్లాడలేదు కదా 😀

గ్రూప్స్_గురి
ఒక్కో సీటు గెలవడానికి ఎన్ని ఓట్లు కావాలనే కోటా లెక్క ఒకసారి చూడండి. ఆంధ్రలో 175 మంది ఎమ్మెల్యేలు, నాలుగు సీట్లకి ఎన్నిక అయితే 175ని 4తో భాగించి 44 మంది ఉంటే ఒక సీటు. కరెక్టేనా?

సివిక్స్_మాస్టారు
కాదు బాబూ. సీట్ల సంఖ్యకి ఒకటి కలిపి భాగించాలి, వచ్చినదానికి మళ్లీ ఒకటి కలపాలి. ఒక్కో ఎమ్మెల్యే మొదటి ప్రాధాన్య ఓటు విలువ 100. 175 మందికి 17,500. దాన్ని 5తో భాగిస్తే 3,500, ఒకటి కలిపితే 3,501. అంటే 35 మంది ఉన్నా ఒక పాయింటు తక్కువే, 36 మంది కావాలి. ఆ ఒకటి ఎందుకంటే, ఐదుగురు పోటీపడి తలా 35 మంది ఓట్లు తెచ్చుకుంటే నాలుగు సీట్లకి ఐదుగురూ గెలిచినట్టవుతుంది. తెలంగాణలో 119 మంది, మూడు సీట్లయితే 2,976, అంటే 30 మంది. రెండో ప్రాధాన్యం, మిగులు ఓట్ల బదిలీ అంతా తర్వాత. మనవైపు చాలాసార్లు పార్టీలు ముందే లెక్క వేసుకుని సరిపడా నామినేషన్లే వేస్తాయి కాబట్టి పోటీ లేకుండానే ముగుస్తుంది.

నల్లకోటు
పోటీ జరిగితే తమాషా ఉంటుంది. ఈ ఎన్నికలో పార్టీకి వ్యతిరేకంగా ఓటేసినంత మాత్రాన ఎమ్మెల్యేపై అనర్హత వేటు పడదు. 2024 ఫిబ్రవరిలో హిమాచల్‌లో ఒకటే సీటు. కాంగ్రెస్ అభ్యర్థి అభిషేక్ సింఘ్వీ, బీజేపీ అభ్యర్థి హర్ష్ మహాజన్, ఇద్దరికీ 34 - 34. చీటీ తీశారు. సింఘ్వీ పేరే వచ్చింది, అయినా ఆయనే ఓడిపోయాడు, ఎందుకంటే చీటీలో పేరు వచ్చినవాడిని తీసెయ్యాలన్నది అక్కడ పాటించిన పద్ధతి. అదే ఏడాది ఆగస్టులో ఆయన ఎక్కడి నుంచి రాజ్యసభకి వెళ్లాడో చెప్పండి?

ఓరుగల్లు_వాణి
తెలంగాణ నుంచి. కేశవరావు గారు రాజీనామా చేసిన సీటు. హిమాచల్ చీటీ మా దగ్గర తేలింది.

కరీంనగర్_కబుర్లు
చీటీల సంగతి వస్తే 2014 మర్చిపోయారా. ఉమ్మడి రాష్ట్రానికి ఉన్న 18 మందిని 11, 7గా పంచడానికి లాటరీ తీశారు. ఆంధ్రలో రాజకీయం చేసుకునే పెద్దమనుషులు కొందరు తెలంగాణ ఎంపీలై కూర్చున్నరు. ఇగ రాష్ట్రానికి ప్రాతినిధ్యమని ఎవరన్నా అంటే నాకు నవ్వొస్తది.

పల్నాటి_పచ్చిమిర్చి
2014 అంటే గుర్తొచ్చింది. లోక్‌సభలో ఫిబ్రవరి 18న లైవ్ ఆగిపోయింది, తలుపులు మూసి విభజన బిల్లు పాస్ చేశారు. రెండు రోజులకి రాజ్యసభ కూడా పాస్ చేసేసింది. రాష్ట్రాల సభే అయితే, ఒక రాష్ట్రం అసెంబ్లీ వద్దన్న బిల్లును ఆపాలి కదా? అందుకే నాకు ఆ సభ మీద నమ్మకం లేదు.

కరీంనగర్_కబుర్లు
మా దగ్గర అది ఆగిపోవాలని ఒక్కరు కూడా కోరుకోలే. ఎవరి దుఃఖం వాళ్లకు.

గోదారిగట్టు
హోదా ఇస్తామన్న మాట వచ్చింది కూడా ఆ రాజ్యసభ చర్చలోనే కదా, ఫిబ్రవరి 20న. సభలో ప్రధాని చెప్పిన మాటకి విలువ ఏమిటో పదేళ్లకి పైగా చూస్తున్నాం.

కట్టమీద_కాపలా (మోడరేటర్)
విభజన మీద వేరే చర్చ 40 పేజీలు ఉంది, అక్కడికి వెళ్లండి. ఇక్కడ సభల గురించే. మూడు పోస్టులు తీసేశాను, ఎవరివో వాళ్లకి తెలుసు.

సివిక్స్_మాస్టారు
మిర్చి గారు ఏదీ ఆపలేదంటున్నారు కాబట్టి ఆపినవి చెప్తాను. 1970లో రాజభరణాల (పాత సంస్థానాధీశులకి ప్రభుత్వం ఇచ్చే భత్యాల) రద్దు కోసం తెచ్చిన రాజ్యాంగ సవరణ లోక్‌సభలో నెగ్గింది. రాజ్యసభలో అనుకూలం 149, వ్యతిరేకం 75. మొత్తం 224లో మూడింట రెండు వంతులంటే 149.33. ఒక్క ఓటు కూడా కాదు, ఓటులో మూడో వంతు తక్కువై బిల్లు పడిపోయింది! ఇందిరా గాంధీ రాష్ట్రపతి ఉత్తర్వుతో పని కానివ్వబోతే సుప్రీంకోర్టు కొట్టేసింది. చివరికి 1971లో ఎన్నికలు గెలిచి వచ్చాకే 26వ సవరణతో రద్దు చేయగలిగింది. 1989లో రాజీవ్ గాంధీ పంచాయతీ, మున్సిపల్ సవరణలు కూడా లోక్‌సభలో గెలిచి రాజ్యసభలోనే ఆగాయి. ఆ తర్వాత పీవీ గారి హయాంలో 73, 74 సవరణలుగా మళ్లీ వచ్చాయి.
అందుకే నేననేది, మామూలు బిల్లు దగ్గర రాజ్యసభ తమ్ముడు, రాజ్యాంగ సవరణ దగ్గర కవల.

ఓరుగల్లు_వాణి
రాజ్యసభ ముందుకు తోసినదీ ఉంది. మహిళా రిజర్వేషన్ బిల్లు 2010 మార్చి 9న రాజ్యసభలో 186 - 1తో నెగ్గింది. లోక్‌సభ దాన్ని నాలుగేళ్లు ముట్టుకోలేదు, 2014లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. 2023లో 106వ సవరణగా మళ్లీ వచ్చింది. చిత్రమేమిటంటే ఆ రిజర్వేషన్ లోక్‌సభకీ అసెంబ్లీలకీ ఉంది, రాజ్యసభకి లేదు. ముందు పాస్ చేసిన సభే బయట ఉండిపోయింది.

కోనసీమ_కుర్రోడు
రాష్ట్రాల విషయంలో రాజ్యసభకి మాత్రమే ఉన్న అధికారాలు కూడా ఉన్నాయి కదా మాస్టారూ, రాజ్యాంగం 249, 312 అధికరణల్లో?

సివిక్స్_మాస్టారు
ఉన్నాయి. రాష్ట్రాల జాబితాలోని అంశం మీద పార్లమెంటు చట్టం చెయ్యాలంటే, రాజ్యసభ హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండు వంతులతో తీర్మానం చేస్తే దారి తెరుచుకుంటుంది. కొత్త అఖిల భారత సర్వీసు పెట్టాలన్నా అంతే. ఉపరాష్ట్రపతిని తొలగించే తీర్మానం కూడా అక్కడే మొదలవ్వాలి, ఆయనే ఆ సభకి చైర్మన్ కాబట్టి. ఆ కుర్చీలో మొదట కూర్చున్నది సర్వేపల్లి రాధాకృష్ణన్, 1952 నుంచి పదేళ్లు. స్పీకర్ లోక్‌సభ సభ్యుడే అయి ఉంటాడు, చైర్మన్ మాత్రం రాజ్యసభ సభ్యుడు కాడు.

నల్లకోటు
టీవీలో కనిపించే అరుపులు చూసి రెండు సభలనూ తీసిపారెయ్యకండి. నేను ఒకసారి పార్లమెంటు స్థాయీ సంఘం (బిల్లులను వివరంగా పరిశీలించే ఎంపీల కమిటీ) ముందు ఒక సంస్థ తరఫున అభిప్రాయం చెప్పడానికి వెళ్లిన టీమ్‌లో ఉన్నాను. ఒక్కో సంఘంలో 31 మంది, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. కెమెరాలు ఉండవు కాబట్టి ఎవరూ బల్లలు చరచరు. బయట కొట్టుకునే పార్టీలవాళ్లు పక్కపక్కన కూర్చుని మా కాగితంలో తప్పులు పట్టారు. అన్నిటికంటే ఇబ్బంది పెట్టిన ప్రశ్నలు అడిగింది ఒక రాజ్యసభ సభ్యుడే. బిల్లులు అక్కడికి పంపడం తగ్గిపోతోంది, నా బాధ అది.

కరీంనగర్_కబుర్లు
పార్టీ మారేటోళ్ల ముచ్చట మర్చిపోయిన్రు. 2019లో టీడీపీకి రాజ్యసభలో ఆరుగురు ఉంటే నలుగురు ఒక్కసారే బీజేపీలో కలిసిపోయిన్రు. మూడింట రెండు వంతులు కాబట్టి విలీనం అన్నరు. ఓటేసింది ఒక పార్టీ ఎమ్మెల్యేలు, లాభం ఇంకో పార్టీకి. జనాన్ని అడిగినోడు లేడు.

పల్నాటి_పచ్చిమిర్చి
అందుకే ఎన్టీఆర్ 1985లో శాసనమండలిని తీసేశాడు. రెండో సభ వద్దనుకుంటే రాష్ట్రం తీర్మానం చేసి ఆ పని చేయించుకోగలిగింది.

కోనసీమ_కుర్రోడు
2007లో తిరిగొచ్చింది. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లు మండలిలో ఇరుక్కుంటే అసెంబ్లీ మళ్లీ రద్దు తీర్మానం చేసింది, 2021 నవంబరులో అదే ప్రభుత్వం ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. మధ్యలో మండలిలో వాళ్లకే మెజారిటీ వచ్చేసింది మరి. మండలి నచ్చాలంటే మెజారిటీ ఉండాలి, అంతే సూత్రం.

డల్లాస్_బాబాయ్
ఒక్క అనుమానం. రేపు నియోజకవర్గాల పునర్విభజన జరిగి, జనాభా లెక్కన లోక్‌సభలో ఉత్తరాది సీట్లు పెరిగితే, అప్పుడైనా దక్షిణాదికి రాజ్యసభ అండగా ఉంటుందా? కొత్త భవనంలో లోక్‌సభకి 888 కుర్చీలు, రాజ్యసభకి 384 వేశారు, ఊరికే వెయ్యరు కదా.

గ్రూప్స్_గురి
నేను లెక్క వేశాను. ఐదు దక్షిణాది రాష్ట్రాలకి లోక్‌సభలో ఆంధ్ర 25, తెలంగాణ 17, తమిళనాడు 39, కర్ణాటక 28, కేరళ 20. మొత్తం 129, అంటే 543లో 23.8 శాతం. రాజ్యసభలో 11, 7, 18, 12, 9. మొత్తం 57, ఎన్నికయ్యే 233లో 24.5 శాతం. ఒక్క శాతం కూడా తేడా లేదు. సభ నిండుగా ఉంటే రాజ్యాంగ సవరణ ఆపడానికి 245లో కనీసం 82 మంది వ్యతిరేకించాలి. మనవి 57.

డల్లాస్_బాబాయ్
అదీ నేను మొదట అడిగింది. ఇక్కడ వ్యోమింగ్‌కి ఉన్న పాటి భరోసా మన తమిళనాడుకి కూడా లేదు.

నల్లకోటు
పార్లమెంటులో రాష్ట్రాల ప్రాతినిధ్యాన్ని మార్చే సవరణకి రెండు సభల్లో నెగ్గడం చాలదు, రాజ్యాంగం 368వ అధికరణ ప్రకారం సగం రాష్ట్రాల శాసనసభలు కూడా ఒప్పుకోవాలి. 28లో 14. దక్షిణాది ఐదు ఒక మాట మీద ఉండి, ఇంకో పది రాష్ట్రాలను కూడగట్టుకుంటే ఆపొచ్చు. రాజ్యసభ కంటే ఆ గుమ్మం ఎత్తు.

పల్నాటి_పచ్చిమిర్చి
ఐదు రాష్ట్రాలు ఒక మాట మీదా? కృష్ణా నీళ్ల దగ్గర ముందు మూడింటిని కూర్చోబెట్టండి, తర్వాత చూద్దాం.